మీ గల్లీ ముందర రోడ్డు దాటడం సులువు చేయించుకోవడం ఎలా?

మన దగ్గర రోడ్డు మీద ఎవరైనా చనిపోయినప్పుడు జరిగేది దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. జనం రాస్తారోకో చేస్తారు, ఎస్సై వచ్చి నచ్చజెబుతాడు, ఒక నాయకుడు ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడతాడు. సాయంత్రానికి రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక బారికేడ్ వచ్చి పడతాయి. నెల తిరిగేసరికి ఒక డ్రమ్ము పక్కకు దొర్లిపోతుంది, రెండోదాన్ని ఎవరో తీసుకెళ్తారు. రోడ్డు మాత్రం అట్లే ఉంటుంది.

ప్రమాదం కాకముందే ఆ రోడ్డును మార్పించడానికి ఒక పద్ధతి ఉంది. పెద్ద పలుకుబడి అవసరం లేదు. కొలిచే టేపు, ఫోను, నలుగురు మనుషులు, ఓపిక ఉంటే చాలు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే అయిదుగురిలో ఒకరికి బండి కూడా లేదు. హెల్మెట్ మీద, సీటు బెల్టు మీద మనం ఎంత మాట్లాడుకున్నా ఆ అయిదో మనిషికి పనికొచ్చేది రోడ్డు తీరు ఒక్కటే.

కింద రాసింది వరంగల్, హనుమకొండ, కాజీపేట వాళ్లను దృష్టిలో పెట్టుకుని. కరీంనగర్, జగిత్యాల, ములుగు, భూపాలపల్లి వాళ్లకు ఆఫీసుల పేర్లు మారతాయి, పని మాత్రం అదే.

ముందు ఒక్క చోటు ఎంచుకోండి

"హనుమకొండ ట్రాఫిక్ బాగు చేయండి" అని పిటీషన్ ఇస్తే అది ఎవరి టేబుల్ మీదా ఆగదు. "ఫలానా బడి గేటు నుంచి ఎదురుగా ఉన్న బస్టాపు దాకా దాటే చోటు" అని రాస్తే దానికి ఒక ఇంజనీర్ దొరుకుతాడు. నూరు, నూటయాభై మీటర్ల ముక్క తీసుకోండి, అంతకు మించొద్దు.

ఏ చోటు? పోచమ్మ మైదాన్, కేయూ క్రాస్ లాంటి పెద్ద చౌరస్తాలతో మొదలుపెట్టాలని అనిపిస్తుంది. నా సలహా వేరు. పెద్ద జంక్షన్లకు పెద్ద డిజైన్లు, పెద్ద టెండర్లు, పెద్ద రాజకీయాలు ఉంటాయి. మొదటి ప్రయత్నానికి బడి గేటు, ఫంక్షన్ హాల్ ముందర, కూరగాయల అంగడి మూల, దవాఖాన బస్టాపు లాంటివి మేలు. పిల్లలు, ముసలివాళ్లు దాటే చోటైతే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

మూడు పూటలు నిలబడి చూడండి

పొద్దున బడి టైమ్, సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్, రాత్రి ఎనిమిది దాటాక. ప్రతిసారీ పావుగంట చాలు. ఇద్దరు వెళ్లండి, రోడ్డు అంచుకు లోపలే నిలబడండి. రాత్రిపూట లేత రంగు బట్టలు వేసుకోండి.

మొదట లెక్కపెట్టాల్సింది దాటేవాళ్లను: పిల్లలెందరు, పెద్దవాళ్లెందరు, చంకలో బిడ్డతోనో చేతిలో సంచులతోనో ఎందరు. తర్వాత వాళ్లు ఎక్కడ దాటుతున్నారో ఒక కాగితం మీద గీయండి. జీబ్రా గీతలు ఒకచోట, జనం దాటేది ఇంకోచోట ఉండటం చాలా మామూలు. బస్సు దిగిన మనిషి ఎనభై మీటర్లు వెనక్కి నడిచి జీబ్రా మీద దాటి, మళ్లీ ఎనభై మీటర్లు ముందుకు రాడు. ఆ మనిషికి బుద్ధి చెప్పడం కంటే గీతల్ని అక్కడికి జరపడం తేలిక. మీ కాగితం మీద ఆ తేడా కనిపిస్తే సగం వాదన అయిపోయినట్టే.

ఇక స్పీడు కొలవడం. దీనికి రాడార్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన 50 మీటర్ల దూరంలో రెండు చాక్‌పీస్ గుర్తులు పెట్టండి. కరెంటు స్తంభాలు గుర్తులుగా వాడుకుంటే ఇంకా మంచిది, వాటి మధ్య దూరాన్ని టేపుతో కొలుచుకోండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి బండి మొదటి గుర్తు దాటినప్పుడు నొక్కండి, రెండో గుర్తు దాటినప్పుడు ఆపండి. 50 మీటర్లకు 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్ల వేగం. 4 సెకన్లయితే 45. 3 సెకన్లయితే 60. ముప్పై బండ్లు ఇట్లా రాసుకుంటే ఆ రోడ్డు స్వభావం తెలిసిపోతుంది. పోలీసుల కొలతలంత పక్కాగా ఉండకపోవచ్చు గాని, "బండ్లు బాగా స్పీడుగా పోతున్నయి సార్" అనడం కంటే నూరు రెట్లు నయం.

రోడ్డు వెడల్పు కూడా కొలవండి. ఆ కొలత ఎందుకంటే, మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. డివైడర్ లేని 14 మీటర్ల రోడ్డు దాటడానికి దాదాపు 12 సెకన్లు పడుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 12 సెకన్లలో 150 మీటర్లు వచ్చేస్తుంది. అంటే దాటే మనిషికి రెండు వైపులా 150 మీటర్ల మేర ఖాళీ ఒకేసారి దొరకాలి. సాయంత్రం ఆరున్నరకు అది దొరకదు. దొరకదు కాబట్టే జనం చెయ్యి అడ్డం పెట్టి దూకుతారు. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు 17, 18 సెకన్లు కావాలి. ఈ లెక్కను మీ రోడ్డు కొలతలతో వేసుకుని పిటీషన్‌లో రాయండి. దాన్ని కాదనడం ఏ ఇంజనీర్‌కూ తేలిక కాదు.

చాయ్ బండి ఆయనతో, ఆటో స్టాండ్ వాళ్లతో, పంక్చర్ షాపు అతనితో మాట్లాడకుండా ఇంటికి రావద్దు. ఏ మూల దగ్గర ఎప్పుడెప్పుడు బండ్లు తగిలాయో, ఏ లైటు ఎప్పటి నుంచి వెలగడం లేదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పోలీసు రికార్డుకు ఎక్కని చిన్న దెబ్బలు కూడా వాళ్ల నోట్లోనే ఉంటాయి. వెలగని లైటు స్తంభం మీద నంబర్ ఉంటే రాసుకోండి.

సీజన్ కూడా చూసుకోండి. ఎనుమాముల మార్కెట్ దారిలో ఉన్నవాళ్లకు పత్తి, మిర్చి వచ్చే నెలల్లో రోడ్డు వేరే రోడ్డు అవుతుంది. ట్రాక్టర్లు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు రాత్రంతా తిరుగుతాయి. ములుగు రోడ్డు వాళ్లకు రెండేళ్లకోసారి మేడారం జాతర ఉంటుంది. పెళ్లి ముహూర్తాల్లో ఫంక్షన్ హాల్ ముందు ఫుట్‌పాత్ మొత్తం పార్కింగే.

అసలు కారణం ఏది?

"జనానికి ట్రాఫిక్ సెన్స్ లేదు" అనే మాట దగ్గర ఆగితే ఏ పనీ జరగదు. ఉదాహరణకు రాంగ్ రూట్. ఒక చోట పదే పదే బండ్లు రాంగ్ రూట్‌లో వస్తున్నాయంటే యూ టర్న్ ఎంత దూరంలో ఉందో చూడండి. గల్లీలోంచి బయటికొచ్చిన మనిషి అవతలి వైపు వెళ్లడానికి కిలోమీటర్ తిరిగి రావాల్సి వస్తే కొందరు తప్పకుండా ఎదురు దారి పడతారు. చలాన్లు రాస్తే రెండు రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలు.

ఇట్లాంటివే ఇంకొన్ని: డివైడర్‌ను ఎవరో పగలగొట్టి చేసిన సందు, మలుపులో ఆగే బస్సు వెనక కనబడని బండి, చెట్టు కొమ్మల్లో దాక్కున్న వీధిలైటు, ఫుట్‌పాత్ మీదికి పాకిన షాపు మెట్లు, జనరేటర్, ఫ్లెక్సీ బోర్డు. ఫుట్‌పాత్ ఉన్నా మనిషి రోడ్డు మీదికి దిగి నడుస్తున్నాడంటే ఏ అడుగు దగ్గర దిగాడో చూడండి. కారణం అక్కడే ఉంటుంది.

తోపుడు బండ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఫుట్‌పాత్ అనగానే మొదట పండ్ల బండి వాళ్లను లేపేయమంటారు. అది న్యాయమూ కాదు, నిలబడేదీ కాదు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి అమల్లో ఉంది. వాళ్లకు చోటు చూపకుండా తరిమేయడం కుదరదు. పైగా రాత్రిపూట రోడ్డు మీద నాలుగు బండ్లు, నాలుగు బల్బులు ఉంటేనే ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు. బండ్లన్నీ ఒక వరసలో ఉండి, పక్కన మనిషి నడిచే దారి వదిలేలా చూడమని అడగండి. తెల్లవారి నుంచి రాత్రి దాకా ఫుట్‌పాత్ మీద కదలకుండా నిలబడే కార్ల గురించి ముందు రాయండి.

ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువ పిటీషన్లు ఇక్కడే చచ్చిపోతాయి. మీరు బల్దియాకు (మున్సిపల్ కార్పొరేషన్‌కు) ఇస్తారు, వాళ్లు ఆర్ అండ్ బీది (రోడ్లు భవనాల శాఖది) అంటారు, ఆర్ అండ్ బీ వాళ్లు అది నేషనల్ హైవే వింగ్ చూస్తుందంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ మీ ఆర్నెల్లు పోతాయి.

మోటుగా చెప్పాలంటే, కాలనీ లోపలి రోడ్లు, నగరంలోని చాలా రోడ్లు గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌వి. ఊళ్లను కలిపే పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి, పల్లెల్లోవి పంచాయతీరాజ్‌వి. హైదరాబాద్ నుంచి జనగామ, కాజీపేట మీదుగా ములుగు వైపు వెళ్లేది 163వ నంబర్ జాతీయ రహదారి. జగిత్యాల, కరీంనగర్ నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం వెళ్లేది 563. వీటికి సంబంధించిన ఫిర్యాదుకు 1033 నంబర్ ఉంది. బైపాస్ పడ్డాక ఊళ్లో మిగిలిన పాత హైవే ముక్క ఎవరి చేతికి వచ్చిందో ప్రత్యేకంగా కనుక్కోవాలి. కొన్ని రోడ్లను కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) వేసి ఉండొచ్చు.

అదే రోడ్డు మీద ఉన్న వస్తువులకు మళ్లీ వేరే యజమానులు. వీధిలైటు బల్దియాది, కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్పీడీసీఎల్‌వి, దానికి 1912. బస్సు ఎక్కడ ఆగాలో ఆర్టీసీ డిపో మేనేజర్‌తో మాట్లాడాలి. బండ్ల రాకపోకలు, పార్కింగ్ ట్రాఫిక్ పోలీసుల పని.

తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైవాటికి 10. పోస్టల్ ఆర్డర్ జతచేసి ఒకే ప్రశ్న అడగండి: "ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు ఉన్న రోడ్డు నిర్వహణ ఏ శాఖది? ఆ ఉత్తర్వు ప్రతి ఇవ్వగలరు." 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. వచ్చిన కాగితాన్ని పిటీషన్‌కు జతచేస్తే ఇక ఎవరూ బంతిని పక్కకు తోయలేరు.

ఏమి అడగాలి

నూటికి తొంభై మంది స్పీడ్ బ్రేకర్ అడుగుతారు. ఒక రాత్రి కంకర పోసి, తారు పూసి, ఇరుకుగా నిటారుగా ఒక గోడ లాంటిది కట్టి పోతారు. రంగుండదు, బోర్డుండదు. రాత్రి బైక్ మీద వెనక కూర్చున్నావిడ ఎగిరి పడేది దాని మీదే. ఎంజీఎం దవాఖానకు గర్భిణిని తీసుకెళ్లే ఆటోకు కూడా అది అడ్డమే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ రోడ్ల కొలతలు నిర్ణయిస్తుంది. దాని లెక్కలో గుండ్రటి స్పీడ్ హంప్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు. అంటే పన్నెండు అడుగుల మేర మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటొచ్చు. ముందు బోర్డు, పైన రంగు గీతలు తప్పనిసరి. జాతీయ రహదారి మీద మామూలుగా హంపులు ఒప్పుకోరు. అక్కడ అడగాల్సింది రంబుల్ స్ట్రిప్స్ (బండిని గరగరమనిపించి హెచ్చరించే అడ్డపట్టీలు), బోర్డులు, లైట్లు, దాటే చోట డివైడర్‌లో మార్పు.

నన్నడిగితే హంప్ కంటే మంచివి రెండున్నాయి.

ఒకటి, ఎత్తైన జీబ్రా. జీబ్రా గీతలు ఉన్న మేర రోడ్డునే ఫుట్‌పాత్ మట్టానికి లేపుతారు. పైన బల్లపరుపుగా, రెండు వైపులా వాలుగా ఉంటుంది. బండి దానంతటదే నెమ్మదిస్తుంది, మనిషి దిగి ఎక్కే పని లేకుండా నేరుగా నడుస్తాడు. చక్రాల కుర్చీకి కూడా దారి దొరుకుతుంది. బడి గేటు ముందర ఇంతకు మించింది లేదు. వాన నీళ్లు పోయే దారి ముందే చూసుకోమని మాత్రం గట్టిగా చెప్పండి. లేకపోతే మొదటి వానకే గేటు ముందు చెరువవుతుంది, జీబ్రాతో పాటు మీ పేరు కూడా బద్నామవుతుంది.

రెండోది, రోడ్డు మధ్యలో ఆగే చోటు. పైన వేసిన 14 మీటర్ల లెక్క గుర్తుంది కదా. మధ్యలో మనిషి నిలబడటానికి కట్ట ఉన్న చోటు ఇస్తే దాటడం రెండు ముక్కలవుతుంది. ఒకసారి 6 సెకన్లు, ఒక వైపే చూస్తే చాలు, కావలసిన ఖాళీ 75 మీటర్లకు తగ్గుతుంది. కట్ట, నాలుగు రిఫ్లెక్టర్లు, ఒక బోర్డు, అంతే ఖర్చు. నడిరోడ్డు మీద బిడ్డను పట్టుకుని నిలబడేవాళ్లు ఎట్లాగూ నిలబడుతున్నారు, ఆ నిలబడే చోటుకు రక్షణ ఇమ్మని అడుగుతున్నామంతే.

ఫుట్‌పాత్ అడిగితే కొలత రాయండి: నడవడానికి అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 15 సెంటీమీటర్లకు మించొద్దు. మన దగ్గర కొన్నిచోట్ల అడుగున్నర ఎత్తు కట్టి, ప్రతి గేటు దగ్గరా తెంపేస్తారు. దాని మీద ముసలివాళ్లు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. ఫుట్‌పాత్ వాడరని మళ్లీ వాళ్లనే అంటారు.

వేగం సంగతి ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే ఒక్క మాట చెప్పండి. 60లో వచ్చే బండి దెబ్బ 30లో వచ్చే బండి దెబ్బకు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఇది బడిలో చెప్పే ఫిజిక్సే.

పిటీషన్

రాయడానికి ముందు అక్కడి షాపుల వాళ్లతో మాట్లాడండి. పార్కింగ్ పోతే గిరాకీ పోతుందని వాళ్ల టెన్షన్. మీరు ముందే వెళ్లి కాగితం మీద గీసింది చూపిస్తే సగం మంది సంతకం పెడతారు. చెప్పకుండా పని మొదలుపెట్టిస్తే మొదటి రోజే ఆపించేదీ వాళ్లే.

నమూనా ఇది, అంకెలు, పేర్లు మీవి పెట్టుకోండి:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్.

విషయం: ఫలానా డివిజన్‌లో ఫలానా బడి గేటు ముందు పాదచారులు దాటే దారి ఏర్పాటు గురించి.

అయ్యా, పై చోట రోడ్డు వెడల్పు 14 మీటర్లు. ఉదయం 8.30 నుంచి 8.45 వరకు 110 మంది దాటారు, వారిలో 70 మంది పిల్లలు. మేము కొలిచిన 30 బండ్లలో 19 బండ్లు గంటకు 45 కిలోమీటర్లకు పైగా వెళ్లాయి. ఇప్పుడున్న జీబ్రా గీతలు దాటే చోటుకు 80 మీటర్ల దూరంలో, చెరిగిపోయి ఉన్నాయి. ఫలానా నంబర్ స్తంభం మీది లైటు వెలగడం లేదు.

మా కోరికలు: 1. గేటు ఎదురుగా ఎత్తైన జీబ్రా, రెండు వైపులా హెచ్చరిక బోర్డులు. 2. ఆ లైటు మరమ్మతు. 3. గేటుకు ఇరువైపులా 20 మీటర్ల మేర పార్కింగ్ లేకుండా చేయడం. స్థలాన్ని కలిసి చూడటానికి మీ ఇంజనీర్‌కు వీలైన రోజు చెబితే మేము హాజరవుతాము.

జతపరిచినవి: స్కెచ్, నాలుగు ఫోటోలు, సంతకాలు."

ఒక్క పేజీ దాటొద్దు. కోరికలు మూడే ఉండాలి, అందులో ఒకటి (లైటు లాంటిది) వారంలో అయ్యేది ఉండాలి. అది అయ్యిందంటే ఫైలు కదిలినట్టు. ఫోటోల్లో పిల్లల ముఖాలు, బండ్ల నంబర్లు కనబడకుండా చూసుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. రోడ్డు బల్దియాదైతే అక్కడా ఇవ్వండి, ట్రాఫిక్ ఏసీపీకి, మీ డివిజన్ కార్పొరేటర్‌కు ఒక్కో కాపీ. కార్పొరేటర్ పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వండి. రసీదు గాని, మీ కాపీ మీద ముద్ర గాని తీసుకోకుండా ఏ కౌంటర్ దగ్గరి నుంచీ కదలొద్దు.

ఫైలు వెంట పడటం

ఇది విసుగు పుట్టించే భాగం. పని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర మొదలవుతుంది. ఆయన స్థలం చూసి ఎస్టిమేట్ వేయాలి, అది ఆయన పై ఇంజనీర్లయిన డీఈ, ఈఈ మీదుగా పైకి పోవాలి, మంజూరు కావాలి, టెండర్, తర్వాత వర్క్ ఆర్డర్. "సార్, మా పని ఏమైంది?" అని అడిగితే "చూస్తున్నాం" అనే జవాబే వస్తుంది. "సార్, ఎస్టిమేట్ వేశారా? ఎవరి దగ్గర ఉంది?" అని అడగండి. రెండు వారాలకోసారి, అదే మనిషి, నవ్వుతూ అడగాలి. గొడవ పడేవాళ్లను చూసి ఏఈ తప్పించుకు తిరుగుతాడు. స్కెచ్ తెచ్చి పని తగ్గించేవాళ్లకు ఆయనే ఫోన్ చేస్తాడు.

ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ, మున్సిపల్ అధికారులు ఒకే టేబుల్ దగ్గర కూర్చునేది అక్కడే. అందుకే రెండు మూడు శాఖల మధ్య ఇరుక్కున్న పనిని ఆ మీటింగ్ ఎజెండాలో పెట్టమని కలెక్టర్‌కు విడిగా రాయండి.

బ్లాక్‌స్పాట్ అనే మాట మీకు తప్పక వినిపిస్తుంది. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. అంటే ఆ జాబితాలో చేరాలంటే ముందు మనుషులు పోవాలి. "మీది బ్లాక్‌స్పాట్ కాదు" అని ఎవరైనా అంటే, కాకముందే అడుగుతున్నామని చెప్పండి. నిజంగా ప్రమాదాలు జరిగిన చోటైతే పోలీసు కమిషనరేట్‌కు సమాచార హక్కు కింద రాసి మూడేళ్ల లెక్క తీసుకోండి. ఐరాడ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పోలీసులు ప్రమాదం జరిగిన చోటుతో సహా నమోదు చేస్తున్నారు కాబట్టి ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది.

చట్టం మాట ఎత్తాల్సి వస్తే రెండు గుర్తుంచుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులైన అధికారికో కాంట్రాక్టర్‌కో లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. 2025 మేలో సుప్రీంకోర్టు, పాదచారులకు ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద హక్కేనని చెప్పింది. వీటిని మొదటి పిటీషన్‌లోనే రాయొద్దు. బెదిరింపులా వినిపిస్తుంది. రెండోసారి గుర్తుచేస్తూ రాసే లేఖలో ఒక వాక్యంగా పెట్టండి.

సాంకేతిక సాయం కావాలంటే మన దగ్గరే నిట్ ఉంది. సివిల్ ఇంజనీరింగ్‌లో రవాణా విభాగం ఉన్న కాలేజీ అది. విద్యార్థుల ప్రాజెక్టుగా మీ చోటును తీసుకుంటారేమో అడగండి. ఇంజనీరింగ్ కాలేజీ తయారుచేసిన డ్రాయింగ్‌కు ఆఫీసులో వేరే గౌరవం ఉంటుంది.

శాశ్వతంగా కట్టడానికి వెనకాడుతుంటే ట్రయల్ అడగండి. ట్రాఫిక్ పోలీసులు కోన్లు, బారికేడ్లతో వారం రోజులు మలుపును ఇరుకు చేయొచ్చు, ఒక సందు మూసి చూడొచ్చు. ఆ వారం మీరు మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాలి. ముందు, తర్వాత అంకెలు పక్కపక్కన పెడితే అంతకు మించిన వాదన లేదు.

మీరే చేయగలిగేవి, చేయకూడనివి

సొంతంగా జీబ్రా గీయొద్దు, కాలనీ చందాలతో హంప్ పోయించొద్దు. దాని మీద ఎవరైనా పడితే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. పోలీసుల అనుమతి లేకుండా రోడ్డు మధ్యలో నిలబడి బండ్లు ఆపడం కూడా వద్దు. బడి వదిలే టైమ్‌లో వాలంటీర్లు కావాలనుకుంటే స్టేషన్‌లో అడిగితే జాకెట్లు ఇచ్చి, ఎట్లా నిలబడాలో చూపిస్తారు.

బడి యాజమాన్యంతో మాట్లాడి తరగతులను పది నిమిషాల తేడాతో వదిలించవచ్చు. గేటు ముందు కార్లు నిలపకుండా తల్లిదండ్రుల గ్రూపులో ఒప్పించవచ్చు. తొమ్మిదో తరగతి కొడుక్కు స్కూటీ ఇచ్చే ఇళ్లకు మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ గురించి చెప్పండి: మైనర్ ఆ చట్టం కింద నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా.

పల్లెల వాళ్లకు వేరే పని ఉంది. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, చీకటి పడ్డాక నల్ల టార్పాలిన్ కప్పి పోవడం మన జిల్లాల్లో పెద్ద ప్రమాదం. రైతుకు కల్లం లేకనే రోడ్డెక్కుతాడు, కాబట్టి ఆరబోసే స్థలం కోసం పంచాయతీ తీర్మానం చేయించండి. అప్పటిదాకా రాళ్లు తీసేయడం, కుప్పకు రెండు చివర్లా రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించిన డబ్బాలు పెట్టడం ఊరే చేసుకోవచ్చు. ట్రాక్టర్ ట్రాలీల వెనక ఎర్ర స్టిక్కర్ అంటించే పని ఒక్క ఆదివారంతో అయిపోతుంది. భూపాలపల్లి, పరకాల దారిలో బొగ్గు, ఇసుక లారీలతో ఇబ్బంది పడే ఊళ్లు బడి టైమ్‌లో భారీ బండ్లను ఆపమని కలెక్టర్‌ను అడగొచ్చు. అట్లాంటి ఆంక్షలకు మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో వీలుంది.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయండి, గాయపడిన మనిషి దగ్గర ఉండండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా అదే చట్టంలోని 134ఏ సెక్షన్ కాపాడుతుంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

పని అయ్యాక

కాంట్రాక్టర్ మనుషులు వచ్చిన రోజు అక్కడ ఉండండి. టేపు మళ్లీ తీయండి. హంప్ 3.7 మీటర్లు ఉందా, ఎత్తు 10 సెంటీమీటర్లు దాటిందా, నీళ్లకు దారి వదిలారా? జీబ్రాకు మామూలు పెయింట్ పూస్తున్నారా, కరిగించి పోసే థర్మోప్లాస్టిక్ వేస్తున్నారా? ఎస్టిమేట్‌లో రెండోది రాసి మొదటిది పూస్తే ఆ రోజే ఫోటో తీసి ఏఈకి పంపండి. బిల్లు పాస్ అయ్యాక ఎవరూ వినరు.

నెల తర్వాత అదే టైమ్‌లో, అదే చోట పావుగంట లెక్క మళ్లీ రాయండి. స్పీడు తగ్గితే ఆ అంకెలతో కమిషనర్‌కు, ఏఈకి కృతజ్ఞత తెలుపుతూ ఒక ఉత్తరం ఇవ్వండి. ఆఫీసులకు తిట్ల ఉత్తరాలే వస్తాయి కాబట్టి దాన్ని ఫైల్లో పెట్టుకుంటారు. రెండో చోటుకు అడగడానికి వెళ్లినప్పుడు అది పనికొస్తుంది. తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో చూడండి. బైకులు హంప్ అంచు పక్క నుంచి జారుకుంటున్నాయా? బోర్డు ముందు చెట్టు ఉందా?

చివరిగా, ఎవరూ ఆలోచించని విషయం ఒకటి. రెండు మూడేళ్లలో ఆ రోడ్డుకు మళ్లీ బీటీ వేస్తారు. కొత్త తారు కింద జీబ్రా పోతుంది, హంప్ సగం ఎత్తుకు మునుగుతుంది, పోయిన గీతల్ని తిరిగి గీయాలని ఎవరికీ గుర్తుండదు. రోడ్డు వేస్తున్నారని తెలిసిన రోజే ఏఈ దగ్గరికి వెళ్లి, గీతలు, బోర్డులు, హంప్ ఎస్టిమేట్‌లో ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే పాత మంజూరు కాగితం కాపీ ఆయన చేతికి ఇవ్వండి.